వీరన్న గారి చక్కెరకేళి: ఇరవై నాలుగు మొక్కల లెక్క

ఈ మధ్య అమలాపురంలో మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. మొక్కల్లో జీన్ సైలెన్సింగ్ మీద పరిశోధనకు సీటు వచ్చిందట. ఏం చదువుకోవాలో చెప్పమంది. ఏడు పుస్తకాల పేర్లు రాసిచ్చి పంపాను. ఆమె వెళ్ళాక, అసలు చెప్పవలసింది చెప్పలేదని తోచింది. ఏ పుస్తకంలోనూ లేనిది అదే కాబట్టి, ఆమెలా ఈ రంగంలోకి వచ్చేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

మొక్కల వైరస్‌ల మీద ముప్ఫై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు పనిచేశాను. నోటు పుస్తకాలు యాభై రెండు మిగిలాయి. వాటిలో విజయాలు చాలానే ఉన్నాయి. వాటి గురించి రాయడానికి వేరేవాళ్ళు ఉన్నారు. నేను రాసేది ఒకే ఒక్క అరటి గురించి.

పిలకలకు సంతకం

కొత్తపేట దగ్గర గోదావరి పాయ మధ్యలో ఒక లంక ఉంది. అప్పట్లో పంటు ఎక్కి దాటాలి. అక్కడ వెంకటరత్నం గారనే రైతు తోటలో ఒక రకం చక్కెరకేళి ఉండేది. ఆయన తాతగారు వీరన్న గారు దాన్ని పెంచి ఊరంతా పంచారని అందరూ ‘వీరన్న గారి చక్కెరకేళి’ అనేవారు. పండిన కాయ గెల నుంచి రాలదు. తొక్క పల్చన. నాలుగు రోజులైనా మెత్తబడదు. కానీ వెర్రితల తెగులు వస్తే నిలవదు. అది పేనుబంక పురుగులు మోసుకొచ్చే వైరస్ తెగులు. ఆకులు చిన్నవై, నిటారుగా, తల మీద గుత్తిలా కూడుకుంటాయి. గెల వేయదు. మందు లేదు. పీకి పారేయడమే.

ఆ వైరస్‌ను తట్టుకునే అరటిని జన్యుమార్పిడితో తయారు చేయాలన్నది మా ప్రాజెక్టు. దానికి స్థానిక రకం కావాలి. అందుకే ఆ లంకకు వెళ్ళాను. ఫిబ్రవరిలో రెండో మంగళవారం అని పుస్తకంలో ఉంది. ముప్ఫై పిలకలు అడిగాను.

“ముప్ఫై సరిపోతాయాండీ? ఇంకో పది తీయించమంటారా?” అన్నారు వెంకటరత్నం గారు.

“చాలండి. ఇక్కడ సంతకం పెట్టాలి, ఇచ్చినట్టు.”

“సంతకం ఏటండి బాబూ! పిలకలిచ్చి సంతకం పెట్టినోడు మా వంశంలో లేడండి.”

ఆయన భార్య మంగతాయారు గారు అరుగు మీద నుంచే అందుకున్నారు. “పెట్టండి, పెట్టండి. గవర్నమెంటోళ్ళకి సంతకం లేకపోతే మొక్క మొలవదు.”

ఆయన పెట్టారు. తరువాత తమ పద్ధతి చెప్పారు. ఆ లంకలో పిలకకు వెల కట్టరు. ఎవరడిగినా ఇస్తారు. ఎప్పుడైనా గోదావరి వచ్చి ఇచ్చినవాళ్ళ తోట పట్టుకుపోతే, తీసుకున్నవాళ్ళు తమ తోటలోంచి పిలకలు తవ్వి తెచ్చి ఇవ్వాలి. అడిగించుకోకూడదు.

“మీరూ అంతేనండి. మాది పోతే మీరు తేవాలి. సంతకం నాది, మాట మీది,” అన్నారు నవ్వుతూ.

“తప్పకుండా తెస్తానండి,” అన్నాను. ముప్ఫై పిలకలూ లెక్కపెట్టుకుని పంటు ఎక్కాను.

మంగతాయారు గారి ప్రశ్న

మరుసటి ఏడు వెళ్ళినప్పుడు వాళ్ళ పిలకలతో ఏం చేస్తున్నానో చెప్పమన్నారు. తేలిక మాటల్లో చెప్పాను.

మొక్కకు తనదైన కాపలా ఒకటి ఉంటుంది. ఏ జన్యువు సందేశమైనా అనుమానం కలిగించే రూపంలో, జంట పోగుగా కనబడితే దాన్ని ముక్కలుగా కోసేస్తుంది. ఆ ముక్కలను ఆనవాలుగా పట్టుకుని, అలాంటి సందేశం ఇంకెక్కడ కనబడినా కోసేస్తుంది. అప్పుడు ఆ జన్యువు ఉన్నా మాట పెగలదు. అదే జీన్ సైలెన్సింగ్. మేము చేసేదల్లా వైరస్ జన్యువులోంచి చిన్న ముక్క తీసి, జంట పోగు తయారయ్యేలా అరటి కణంలో ముందే పెట్టడం. ఆ కణం నుంచి మొక్కను పెంచితే, వైరస్ వచ్చేసరికి కాపలా సిద్ధంగా ఉంటుంది.

“అంటే దొంగ ఆనవాళ్ళు ముందే ఇచ్చి ఉంచుతారన్నమాట,” అన్నారు వెంకటరత్నం గారు.

“ఆయ్, అంతేనండి.”

“మరి దొంగ గెడ్డం పెంచుకొస్తేనోండీ?” అన్నారు మంగతాయారు గారు, చాటలో బియ్యం చెరుగుతూ.

నా వృత్తిలో అంత సూటి ప్రశ్న ఏ సమావేశంలోనూ నన్నెవరూ అడగలేదు. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండవలసింది. మొదటి విడతలో మేము వాడిన ముక్క వేరే దేశపు వైరస్‌ది, తయారుగా దొరికింది కదా అని తీసుకున్నది. మా దగ్గరి వైరస్ దానికి కొంచెం తేడా. పదకొండు మొక్కలు తయారు చేస్తే తొమ్మిదింటికి తెగులు వచ్చింది. ఏడాదిన్నర పోయింది. రెండో విడతకు కోనసీమలోనే తెగులు పట్టిన మొక్క నుంచి వైరస్‌ను వేరు చేసి, దాని ముక్క వాడాను. ఈ కాపలా పోలిక మీద నడుస్తుంది. పోలిక తప్పితే కత్తి పడదు. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. చాటలో బియ్యం చెరిగే ఆవిడ చెబితే గానీ నేను దాన్ని భయంతో చదవలేదు.

శేషగిరిరావు గారి లెక్క

అప్పటి మా విభాగాధిపతి శేషగిరిరావు గారు. కఠినమైన మనిషి, నిజాయితీపరుడు. నా ప్రతి లెక్కా రెండోసారి వేయించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నదే నా పనితనమంతా. ఆయన దగ్గర నేర్చుకోకుండా ఉండవలసిందీ ఒకటి ఉంది.

రెండో విడతలో జన్యుమార్పిడి మొక్కలు ఇరవై నాలుగు నిలిచాయి. వాటికి పోలికగా, మార్పు చేయని వీరన్న గారి చక్కెరకేళి మొక్కలు కూడా మా సంస్థలో అవి ఉన్న గాజు ఇంట్లోనే పెంచాను. అవీ ఇరవై నాలుగే. అన్నింటి మీదా వైరస్ మోసే పేనుబంకను వదలాలి. మార్పు చేయనివాటిలో నాలుగు పక్కన పెడదామా అని అడిగాను.

“ఎందుకు?” అన్నారు.

“ఏమో సార్. ఆరోగ్యంగా ఉన్నాయి కదా, ఉంటాయని.”

“ఉంచుకోవడానికి ఇది నర్సరీ కాదమ్మా. ఇరవై నాలుగుకి ఇరవై నాలుగు అంటే ఎవరూ నోరెత్తరు. ఇరవైకి ఇరవై అంటే, ఆ నాలుగూ ఎందుకు తీశావని అడుగుతారు.”

ఆయన చెప్పింది తప్పు కాదు. ప్రయోగం అంత శుభ్రంగా ఉండాలి. పేనుబంకను వదిలాం. డెబ్బై ఆరో రోజుకు లెక్క తేలింది. మార్పు చేయని ఇరవై నాలుగింటికీ వెర్రితల. మార్పు చేసిన ఇరవై నాలుగూ పచ్చగా ఉన్నాయి. ఆ పేజీ కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. నా యాభై రెండు పుస్తకాల్లో అలా గీసింది ఆ ఒక్క చోటే.

తెగులు పట్టిన ఇరవై నాలుగింటినీ కాల్చేశాం.

తోటలో ఇచ్చిన మాట

ఆ తరువాతి రెండేళ్ళలో లంక మారిపోయింది. చుట్టుపక్కల రైతులంతా నర్సరీల నుంచి పచ్చఅరటి తెచ్చి వేసుకున్నారు. గెల పెద్దది, లారీకి నిలుస్తుంది. వాళ్ళను తప్పుపట్టను. పాత చక్కెరకేళి వెంకటరత్నం గారి తోటలోనే మిగిలింది. ఒక ఆగస్టులో ఆయన ఫోన్ చేశారు. “తలలు గుత్తులు కడతన్నాయండి,” అన్నారు. అంతే.

వెళ్ళి వరసకు వరస తిరిగాను. మొత్తం మూడు వందల నలభై దుబ్బులు. అరవై ఒక్కదానికి తెగులు స్పష్టంగా ఉంది. ఇంకా చాలావాటి ఆకు కాడ మీద ముదురు పచ్చ చుక్కలు, గీతలు మొదలయ్యాయి. చివర కాలవ గట్టున నలభై దుబ్బులు మాత్రం పైకి శుభ్రంగా కనబడ్డాయి.

అన్నీ తీసేయమన్నాను.

“ఆ గట్టు మీదవి ఉంచుకుంటానండి. నలభయ్యే కదండీ.”

“ఉంచకండి. లోపల ఉండి ఉండవచ్చు. పేనుబంక అటూ ఇటూ తిరుగుతోంది. మీవల్ల పక్క తోటలూ పోతాయి.”

“మరి విత్తనమోండి?”

“మీ పిలకలు మా దగ్గర భద్రంగా ఉన్నాయండి. నేను తెచ్చిస్తాను.”

ఇదే ఆ మాట. దాన్ని ఇన్నేళ్ళలో చాలాసార్లు నాలో నేను విచారించుకున్నాను. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. పచ్చగా ఉన్న ఇరవై నాలుగు మొక్కలు నా కళ్ళ ముందు ఉన్నాయి. అవి ఆయన చక్కెరకేళే కదా అనుకున్నాను. సీసాల్లో కణజాలం కూడా ఉండే ఉంటుందనుకున్నాను. పైసలతో సహా లెక్క రాసుకునే దాన్ని, రిజిస్టర్ తెరవకుండా మాటిచ్చాను. ఆ నలభై దుబ్బుల ఆకులు తెచ్చి పరీక్ష చేయిస్తే పదకొండు రోజులు పట్టేది. ఆగవచ్చు. తొందరలో ఉన్నాను. పంటుకు వేళయింది.

ఆయన మొవ్వులో కిరసనాయిలు పోసి, దుంపలతో సహా తవ్వి, నాలుగు రోజుల్లో తోట మొత్తం తీసేశారు. గట్టు మీది నలభయ్యీ తానే స్వయంగా నరికానని ఫోన్‌లో చెప్పారు. “కూలోళ్ళకి చెప్పడానికి నోరు రాలేదండి. మీరు ఎప్పుడు తెస్తారండి?”

రిజిస్టర్

ఆ సాయంత్రమే రిజిస్టర్ తీశాను. ముప్ఫై పిలకలు. వాటన్నింటినీ కోసేసి తీసిన కణజాలం సీసాలు నలభై ఆరు. ఒక మే నెలలో ఏసీ పాడై ఎనిమిది రోజులు నడవలేదు. సీసాలన్నింటికీ బూజు పట్టింది. పారేసినట్టు నమోదు ఉంది. పక్కన నా చేతిరాతతోనే ఒక మాట ఉంది: ‘అవసరమైతే లంక నుంచి మళ్ళీ తెచ్చుకోవచ్చు.’

నా దగ్గర ఉందని ఆయన నరికారు. ఆయన దగ్గర ఉందని నేను పారేశాను.

నాలుగు నెలలు వెతికాను. ఆ లంక నుంచి ఎవరెవరు వీరన్న గారి పిలకలు తీసుకెళ్ళారో వెంకటరత్నం గారి చేత జాబితా రాయించుకుని తొమ్మిది ఊళ్ళు తిరిగాను. రాజోలు వైపు ఒక ఇంట్లో, “అయ్యో, ఉండేదండి, మొన్న ఏడే తీసేసి పచ్చఅరటేసేం,” అన్నారు. మిగతాచోట్ల ‘మొన్న’ కూడా కాదు.

ఒక్క పిలక

డిసెంబరులో ఆ దంపతులిద్దరూ మా సంస్థకు వచ్చారు. ఆరు గంటల బస్సు ప్రయాణం. ఫోన్‌లో చెప్పనివి కూడా కలిపి జరిగిందంతా చెప్పాను. “ఆ ఇరవై నాలుగూ చూపిస్తారాండీ?” అన్నారాయన.

గాజు ఇంటికి రెండు తలుపులు, మధ్యలో సన్నటి వల. లోపలికి తీసుకువెళ్ళే వీల్లేదు. బయటి నుంచే చూపించాను. ఆయన అద్దానికి నుదురు ఆనించారు.

“మాయేనండి. కాడ దగ్గర ఆ ఎర్ర అంచు చూసేరా? మాయే.” చాలాసేపు చూసి, “ఒక్క పిలక ఇప్పించండమ్మా,” అన్నారు. అంతవరకూ ఆయన నన్ను మేడమ్ గారండీ అనేవారు.

“ఇవ్వకూడదండి.”

“తెగులు లేదు కదండీ?”

“తెగులు లేదు. లోపల మేము పెట్టిన ముక్క ఉంది. బయట నేలలో వేయడానికి అనుమతి లేదు. దాని పండు తింటే ఏమీ కాదని ఎవరూ పరీక్షించలేదు.”

“ఏమన్నా అవుద్దంటారా?”

“కాదనే అనుకుంటున్నాను. అనుకోవడం సరిపోదండి.”

“ఆ నలభై నరకమన్నప్పుడు మీరు అనుకునే కదండీ చెప్పేరు,” అన్నారాయన.

కోపంగా అనలేదు. అడిగారు, అంతే. మంగతాయారు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, “పదండి, బస్సుకి టైమవుతుంది,” అన్నారు. బస్సుకు ఇంకా రెండున్నర గంటలు ఉంది.

ఆ ముక్కను తిరిగి తీసేయలేమా అని మీరు అడుగుతారు. గింజ ఉన్న పంటయితే మామూలు మొక్కతో సంకరం చేసి, పిల్లల్లో ఆ ముక్క లేనివాటిని ఏరుకోవచ్చు. చక్కెరకేళికి గింజ లేదు. పిలక తల్లికి అచ్చంగా నకలు. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఆ సౌకర్యాన్ని చూసే మేము అరటిని ఎంచుకున్నాం.

బూడిద

పొలంలో పరీక్షించడానికి అనుమతి కోసం మూడుసార్లు దరఖాస్తు చేశాం. రాలేదు. ప్రాజెక్టు గడువు ముగిసింది. మొక్కలను నాశనం చేసి నివేదిక పంపమని ఉత్తర్వు వచ్చింది. శేషగిరిరావు గారు అప్పటికే రిటైరయ్యారు. సంతకం నాది.

ఒక గురువారం ఉదయం పది గంటలకు మొదలుపెట్టాం. ఇద్దరు సాక్షులు. ఒక్కో మొక్కను నరికి, ఆవిరితో ఉడికించే యంత్రంలో పెట్టి, తరువాత కొలిమిలో కాల్చాలి. పదిహేడో మొక్క మొదలు పక్కన మోచెయ్యంత పిలక ఉంది. నా చేతిలోకి వచ్చింది. సాక్షులిద్దరూ టీకి వెళ్ళారు. నా చేతిసంచీ కుర్చీ మీద ఉంది.

దాన్ని సంచిలో పెట్టుకోలేదు. యంత్రంలోనే వేశాను. మధ్యాహ్నం మూడు నలభైకి ఇరవై నాలుగూ అయిపోయాయి.

మీరు ఈ రంగంలోకి వస్తున్నారు కాబట్టి తీర్పు కూడా చెబుతాను. ఆ నియమం సరైనదే. ఎవరికి వారు మంచిదనుకుని సంచిలో వేసుకుని వెళితే రేపు ఏ తోటలో ఏముందో ఎవరికీ తెలియదు. తప్పు నియమానిది కాదు, అంతకు ముందటి నా అజాగ్రత్తది. మార్పు చేయని నాలుగు మొక్కలను నేను గట్టిగా అడిగి పక్కన పెట్టి ఉంటే, ఆ నియమం ఎవరినీ బాధపెట్టేది కాదు. రైతు దగ్గర మొక్క తెచ్చుకుంటే, మొదటి ప్రయోగానికి ముందే దాన్ని ఉన్నది ఉన్నట్టుగా రెండు చోట్ల దాచండి. దాచినట్టు ఆయనకు చూపించండి. శుభ్రమైన లెక్క అడిగే పెద్దలకు, ఈ నాలుగూ లెక్కలోవి కావు, అప్పులోవి అని చెప్పండి. నేను చెప్పలేకపోయాను. అప్పుడు నాకు నలభై ఏడేళ్ళు. భయపడే వయసు కాదు. అయినా చెప్పలేకపోయాను.

రుచి

కాల్చిన సంగతి ఫోన్‌లో చెప్పడం ఇష్టం లేక లంకకు వెళ్ళాను. తోట ఉన్నచోట మొక్కజొన్న వేశారు. వెంకటరత్నం గారు అరుగు మీద కుర్చీ వేశారు.

“కాల్చేసేరా అమ్మా?”

“కాల్చేశానండి.”

“అన్నీనా?”

“ఇరవై నాలుగూ.”

ఆయన తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నారు. భోజనం చేసి వెళ్ళమన్నారు. వద్దనే ధైర్యం లేకపోయింది. చివర్లో మంగతాయారు గారు తలా ఒక అరటిపండు పెట్టి, “రావులపాలెం నుంచి తెప్పించేమండి,” అన్నారు. ఆ ఇంట్లో పండు కొనుక్కు తినడం ఎప్పటి నుంచో నేను అడగలేదు.

వెంకటరత్నం గారు సగం తిని పక్కన పెట్టారు. “మా మొక్క గురించి మీ పుస్తకాల్లో అంతా రాసే ఉంటారు కదండీ,” అన్నారు.

“రాశానండి. ఎత్తు, ఆకు వెడల్పు, ఎన్ని రోజులకు ఆకు విచ్చుకుంది, అన్నీ ఉన్నాయి.”

“రుచోండి?”

గాజు ఇంట్లో ఏ మొక్కనూ గెల వేసేదాకా ఉంచలేదు; ముందే నరికి దాని పిలకను పెంచేవాళ్ళం. మొదటి ఏడు వాళ్ళ అరుగు మీదే నేను రెండు పళ్ళు తిన్నాను. బాగున్నాయని అన్నాను. రాసుకోలేదు.

“లేదండి,” అని పుస్తకం తీశాను. “మీరు చెప్పండి. రాసుకుంటాను.”

“రాసుకోండి. తేనెలాగుండేదండి ముందర. ఆఖర్న ఒక్క రవ్వ పులుపు తగిలేది. ఆ పులుపే దాని అందం.”

“పులుపెక్కడుందండీ!” అన్నారు మంగతాయారు గారు విస్తళ్ళు తీస్తూ. “పండకుండానే కోసుకు తినేవారు మీరు. సరిగ్గా పండితే ఉత్త తీపే. యాలక్కాయ వాసనేసేది.”

“యాలక్కాయేటే? నువ్వు పాయసంలో వేసేదానివి. అందులో వాసన అది.”

“నలభై ఏళ్ళు ఆ గెలలు మాగేసింది నేనా, మీరా?”

“మాగేసింది నువ్వే. తిన్నది నేను.”

“చూడండి డాక్టరమ్మ గారూ, ఈయన మాట రాయకండి. ఉత్త తీపని రాయండి.”

ఇద్దరూ నా వైపు తిరిగి, నేను తేల్చి చెబుతానని చూశారు. నేనూ తిన్నదాన్నే. ఎంత ప్రయత్నించినా పులుపు ఉన్నదీ లేనిదీ నా నాలుకకు గుర్తు రాలేదు. ఆయన చెప్పిందొక వరస, ఆవిడ చెప్పిందొక వరస రాసి, కింద తారీఖు వేశాను. ఏది సరైనదో చూడడానికి పండు లేదు.